గట్టు అవతలి బావి

కారేపల్లి,
21 మే 1987

అమ్మకు,

రుక్మిణి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ బాగున్నాం. అక్కడ నువ్వూ, తమ్ముడి వాళ్ళూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఎప్పుడూ తలుస్తాను అని రాసేదాన్ని, ఈసారి అనుకుంటున్నాను అని వచ్చింది. ఎందుకంటే పోయిన ఉత్తరం నీ చేతిరాతలో లేదు. చెయ్యి వణుకుతోందట, నువ్వు చెబుతుంటే తమ్ముడు రాశాడట. మాటలు నీవేనని తెలుస్తూనే ఉంది. "ఎండలో తిరిగి నల్లబడకు, నల్లబడితే అచ్చం మీ మేనత్తవే" అని వాడెందుకు రాస్తాడు? కానీ అక్షరాలు వాడివి. నీ మాటల్ని వాడి రాతలో చదువుతుంటే గోడకి ఆవల కూర్చుని నిన్ను వింటున్నట్టుంది.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. ఆవకాయ బాగానే వచ్చింది, ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. ఊరితే సర్దుకుంటుందని నీ అల్లుడు అంటాడు గానీ ఆయనకి ఏది పెట్టినా సర్దుకుంటుంది. ఆయన మోకాలు నొప్పి తగ్గింది. నాకు కాలేజీ సెలవులు, జూన్ దాకా ఇల్లందు బస్సు ఎక్కే పని లేదు. ఇక నీ అసలు ప్రశ్న. మా బావి దగ్గర గొడవైందనీ, పోలీసులొచ్చారనీ తమ్ముడి మామగారికి ఎవరో చెప్పారట, నిజమేనా అని. పోలీసులు రాలేదమ్మా. గొడవ మాత్రం నిజం. కాకపోతే అందులో అరిచినవాళ్ళెవరూ లేరు. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

నీకు మొదటినుంచీ చెప్పాలి. ఈ ఏడు నీళ్ళ కరువు నీకు తెలిసిందే. మా బావి అడుగు కనబడేదాకా వచ్చింది. కొత్తగా పెట్టిన మామిడి మొక్కలు కళ్ళముందే చచ్చిపోతున్నాయని నీ అల్లుడు నిద్రపోయేవారు కాదు. ఆఖరికి అడ్డబోర్లు వేయిద్దామన్నారు. మామూలు బోరు కిందికి పోతుంది, ఇది పక్కకి పోతుంది. బావిలోకి మిషను దించి, బావి గోడకి ఆనించి, రాడ్లు ఒకదానికొకటి బిగిస్తూ భూమిలోకి అడ్డంగా తొలుచుకుంటూ పోతారు. ఎక్కడైనా ఊట తగిలితే అది మన బావిలోకి కారుతుంది. ఈ పని చేసే భీమయ్య అని ఇల్లందు వైపు మనిషి, నలుగురు కూలీలతో వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, ఆయన రాడ్ల లాగే ఉంటాడు. నోరు ఊరుకోదు. బావిలో దిగాక కూడా కింది నుంచి మాట్లాడుతూనే ఉంటాడు, పైన ఎవరైనా ఉన్నారా లేదా అని చూడడు.

ఎటు తొలవాలి అన్నదగ్గర వచ్చింది చిక్కంతా. నీళ్ళు ఈశాన్యం నుంచి రావాలని నీ అల్లుడి పట్టుదల. వాస్తు ఇంటికే గానీ భూమి పొట్టలో ఉన్న నీటికి కూడానా అని నేనన్నాను. "మీ ఫిలాసఫీ క్లాసులో చెప్పుకో" అన్నారు. భీమయ్య కూడా ఆయన వైపే.

"ఈశాన్నమంటే గంగమ్మ జాగ అమ్మా. నేనేసిన బోర్లల్ల ఆ మూల ఎన్నడు ఉత్తగ పోలే" అన్నాడు.

ఈశాన్యంలో మా గట్టు, గట్టు అవతల రూప్‌సింగ్ మెట్టచేను, ఇక్కడివాళ్ళు చెలక అంటారు, ఆ చెలకలో రూప్‌సింగ్ బావి. అది మాకందరికీ తెలుసు. దినమూ కళ్ళ ముందు ఉండేదే. రాడ్లు అంత దూరం పోవని భీమయ్య అనుకున్నాడు. పోయినా రాయి అడ్డుపడుతుందని ఈయన అనుకున్నారు. నేనేమనుకున్నానో నాకు గుర్తు లేదు, బహుశా ఏమీ అనుకోలేదు.

రూప్‌సింగ్ నీకు గుర్తుండాలి. పక్క తండా మనిషి. నువ్వొచ్చినప్పుడు సీతాఫలాలు తెచ్చిచ్చాడే, ఆయనే. ఆయన భార్య సోమ్లి. వాళ్ళ కూతురు లాలి నిరుడు ఎండాకాలం ఆ బావిలోనే పోయింది. మిట్టమధ్యాహ్నం నీళ్ళు చేదబోయి కాలు జారిందన్నారు. అప్పటినుంచి సోమ్లి ఆ బావి వైపు తిరిగి చూసేది కాదు. నీళ్ళు రూప్‌సింగే తెచ్చేవాడు. ఆ నీళ్ళే తాగక, ఆ నీళ్ళే పశువులకి పెట్టక ఇంకేం చేస్తారు, వాళ్ళకున్నది ఆ ఒక్క బావే.

బోరు తగిలిన రోజు మా ఇంట్లో పండగ. ఎర్రటి బురద నీళ్ళు ముందు, తరవాత తేటనీళ్ళు, బావి గోడలోంచి చేయంత ధారగా దూకాయి. నీ అల్లుడు పంచె ఎగగట్టి కాలువ వెంట చిన్నపిల్లాడిలా పరిగెత్తారు. ఇంజను పెట్టి రెండు రోజులు ఆపకుండా తోడారు. మొక్కలన్నీ కడుపునిండా తాగాయి. రెండో రోజు నేను కాలువలో చేతులు కడుక్కుంటుంటే నీళ్ళలో ఏదో తళుక్కుమంది. తీసి చూస్తే గుండ్రటి అద్దం బిళ్ళ, చిన్నది. లంబాడా ఆడవాళ్ళు లంగాల మీద కుట్టుకునేది. అంచున ఎర్రదారం ముక్క ఇంకా పట్టుకుని ఉంది. అందులో నా కన్ను ఒక్కటే కనబడింది. ఎవరి నీళ్ళు ఇవి అని అప్పుడడిగాను, పైకి కాదు. పైకి అడగకుండా దాన్ని కొంగున ముడి వేసుకున్నాను.

మర్నాడు పొద్దున రూప్‌సింగ్ వచ్చాడు. మా బావి దగ్గర నిలబడి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా బాయి మీ బాయిలకొచ్చింది సారూ" అన్నాడు. అంతే. ఒక్క మాట తూలలేదు.

ఆ సాయంత్రం పెద్దమనిషి పిచ్చయ్యగారు, తండా నుంచి దేవ్‌సింగ్, మా వసారాలో కూర్చున్నారు. అదే నీదాకా పోలీసులై వచ్చింది. పని చేసినవాడిదే బాధ్యత అని నీ అల్లుడు వాదించారు. "రాడ్డు తిప్పింది నువ్వా, నేనా?" అన్నారు.

"తిప్పింది నేనే సారూ. మూల చూపింది మీరు" అన్నాడు భీమయ్య. తరవాత తనే మెత్తబడ్డాడు. "అయినగని రాడ్డు నాదే. గట్టు మనం పైన పెట్టుకున్నం, కిందికిపోతె అది ఎవల గట్టు అని అడగదు. నేనడగాలె. అడగలే."

పిచ్చయ్యగారు అందరిదీ విని తేల్చారు. "తెల్వకనే చేసిండు. తెల్వక చేసినా బొక్క బొక్కే గదా. భీమయ్య దాన్ని రూప్‌సింగ్ దిక్కు నుంచి మూయాలె. ఆ బాయిల ఒండు తీసి లోతు చేసియ్యాలె. అది అయిందాక మిషను ఈడికెల్లి కదలొద్దు. సారు కూలోళ్ళకు తిండి పెట్టాలె, రూప్‌సింగ్ ఇంటోళ్ళకు నీళ్ళియ్యాలె." న్యాయంగానే ఉందనిపించింది. నీ అల్లుడు కూడా తల ఊపారు. భీమయ్య ఆ రోజే సిమెంటు తెప్పించాడు. రూప్‌సింగ్ బావిలో ఒండంతా తీసి, మట్టాన్ని ఇంకా కిందికి దించాడు. ఇక బొక్క మూయడమే తరువాయి.

అప్పుడు సోమ్లి మూయనివ్వలేదమ్మా.

ఏడాదిగా ఆ వైపు చూడని మనిషి వచ్చి, ఎండిన బావి ఒడ్డున కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది. భీమయ్య నిచ్చెన వేస్తే తీసి పక్కన పడేసింది. ఎంత చెప్పినా ఒకటే మాట. "అది మూస్తే నా బిడ్డకు ఊపిరాడదు."

రూప్‌సింగ్ నాకు చెప్పాడు. "బాయి ఎండిన సంది దినాం మిట్టమధ్యాన్నం వచ్చి బాయితోని మాట్లాడుతున్నది టీచరమ్మా. లాలి పలుకుతున్నదంటది. నేను పోయి విన్న, నాకేం ఇనబడలే. నా ముందు పలకదంట." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "తండ్రి మీద అలిగిందంట."

భీమయ్య పని అలా ఆగిపోయింది. మూసే మనిషి ఉన్నాడు, సిమెంటు ఉంది, మూయనిచ్చేవాళ్ళు లేరు. ఆయన కూలీలు ఒక్కొక్కరే ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. మిషను మా వేపచెట్టు కింద కప్పి ఉంది. నాతో అన్నాడు, "అమ్మా, నేను చేసిన తప్పు నన్ను దిద్దుకోనిస్తలేరు. గిట్లాంటి శిక్ష నేనెన్నడు సూడలే." ఆయన అన్నమాటకి నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను. ఇంతసేపూ దీని చుట్టూనే తిరుగుతున్నాను.

పలికింది నేను.

బోరు తగిలిన మూడో రోజు. ఇంజను ఆపాక నీళ్ళు దిగిపోయి, బావి గోడలో ఆ బొక్క పొడిగా కనబడుతోంది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని పడుకున్నారు. చూద్దామని మెట్లు దిగాను. లోపల చల్లగా ఉంది. బొక్కకి చెవి ఆనించాను, పిల్లలు శంఖానికి ఆనించినట్టు. గాలి వస్తోంది. ఆ గాలిలో ఒక ఆడగొంతు. చాలా దూరంగా కాదు, చాలా దగ్గరగా, నా చెంప పక్కన కూర్చున్నట్టు. "లాలీ" అన్నది అర్థమైంది. మిగతాది లంబాడా మాట. నాకా భాష రాదు. పక్క చెలక వాళ్ళ భాష ఇన్నేళ్ళలో నేర్చుకోలేదు. ఒక్కటి తెలిసింది, ఆ గొంతు కథ చెబుతున్నట్టు సాగుతోంది, సాగి సాగి ఒకచోట ఆగుతోంది. ఎదురుచూస్తోంది.

నీకు గుర్తుందా, కథ చెబుతూ నువ్వు అలాగే ఆగేదానివి. మేము ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నిద్రపోయామని లేచిపోయేదానివి. ఆ చోటు రాగానే నా నోట్లోంచి "ఊఁ" వచ్చేసింది. నేను అనలేదమ్మా, అలవాటు అంది. అవతల ఆ గొంతు నవ్విందో ఏడ్చిందో. అలాంటి చప్పుడు నేను ఇంకెక్కడా వినలేదు.

నువ్వు చిన్నప్పుడు చెప్పేదానివి. మిట్టమధ్యాహ్నం ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు, మూడోసారి పిలిస్తేనే పలకాలి, మనుషులైతేనే మూడోసారి పిలుస్తారు అని. వాల్తేరులో చదువుకునే రోజుల్లో హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించేదాన్ని. పిలిచేవాళ్ళ సంగతే చెప్పావు. పలికేవాళ్ళు ఏమవుతారో చెప్పలేదు.

ఒక్కసారితో ఆపి ఉంటే పోనీ. మర్నాడు మళ్ళీ దిగాను. ఆ పైరోజు కూడా. ఆమెకి సంతోషంగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ నాకూ బాగుంది. పిల్లలు లేని నాకు ఒకరి కూతురిగా ఉండటం, నువ్వు తమ్ముడి దగ్గరికి నూజివీడు వెళ్ళాక ఎవరూ నాకు కథ చెప్పకపోవడం, ఇవన్నీ ఉండి ఉంటాయి. ఏది కారణమో తేల్చుకోలేను. ఆగిన చోటల్లా ఊఁ అన్నాను. ఏమడుగుతోందో తెలియకుండా.

సోమ్లి బావి ఒడ్డున బైఠాయించాక భయమేసి మానేశాను. తరవాత ఒకరోజు రూప్‌సింగ్‌ని అడిగాను, ఏమని మాట్లాడుతుందయ్యా అని.

"ఏముంటది టీచరమ్మా. సల్లగున్నదా బిడ్డా, ఆకలైతున్నదా, గిట్లనే. మొన్న మాత్రం..." గట్టు మీద గడ్డి పీకుతూ ఆగాడు. "నేను నీ దగ్గరికి రావాల్నా అని అడిగిందంట. ఊఁ అన్నదంట. అమాస నాడు పోత అంటున్నది. చెల్లెను రమ్మని కబురు పంపిన, నేనొక్కన్ని కాపుండలేక."

భీమయ్య భూమిలో తొలిచింది ఒక బొక్క. దానికి సిమెంటు ఉంది, మూయమని చెప్పే పెద్దమనిషి ఉన్నాడు. నేను తొలిచినదానికి ఎవరు కూర్చుని తేలుస్తారు? నీ అల్లుడికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆయన ముందు నవ్వుతారు, తరవాత భయపడతారు.

మర్నాడు, అమావాస్యకి ఇంకా ముందే, మధ్యాహ్నం గట్టు దాటి వెళ్ళాను. నీ అల్లుడు ఇల్లందు వెళ్ళారు. భీమయ్య, మిగిలిన ఇద్దరు కూలీలు మా వేపచెట్టు కింద పేకాడుతున్నారు, రూప్‌సింగ్ చెలక నుంచి ముగ్గురూ నాకు కనబడుతూనే ఉన్నారు. మా బావి ఒడ్డు కూడా కనబడుతోంది. అక్కడెవరూ లేరు. ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుస్తుంది.

సోమ్లి పక్కన కూర్చున్నాను. కాళ్ళు లోపలికి వేయడానికి ధైర్యం చాల్లేదు, మడుచుకుని కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "సోమ్లీ, పలికింది లాలి కాదు. నేను. మా బావిలో దిగి నేనే ఊఁ అన్నాను. నువ్వేమడిగావో నాకు తెలియదు."

కోప్పడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. నన్ను జాలిగా చూసింది.

"నువ్వా?" అంది. "నువ్వు నాలుగు దినాల సంది బాయిల దిగుతలేవు. నేను చూస్తలేనా? ఇప్పుడు నువ్వు నా పక్కన ఉన్నవు గదా. ఉండు."

వంగి, లోపలికి పిలిచింది. "లాలీ." తరవాత తన భాషలో ఏదో. ఆగింది.

అమ్మా, "ఊఁ" అని వినిపించింది.

మా వేపచెట్టు వైపు చూశాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు. భీమయ్య ముక్క వేస్తూ ఏదో అంటున్నాడు. గాలి అనుకున్నాను, గాలి వీచడం లేదు. ఆమె గొంతే రాతి బావిలో తిరిగి వచ్చిందనుకున్నాను, కానీ ఆమె ఊఁ అనలేదు కదా, తిరిగి రావడానికి. పొగని బట్టి నిప్పుని ఎలా ఊహించాలో పరీక్షలో రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని. ఆ క్షణంలో ఒక్క ముక్కా పనికి రాలేదు. మరీ చెప్పాలంటే, ఆ గొంతు లాలిది కాదనిపించింది. నాదనిపించింది. మొదటి రోజు నేనన్న ఊఁ ఆ బొక్కలోనే ఉండిపోయి, నేను లేకపోయినా పని చేసుకుపోతున్నట్టు.

సోమ్లి మొహం వెలిగిపోయింది. మళ్ళీ వంగింది. ఈసారి అడిగేది ఏమిటో భాష రాకపోయినా తెలిసింది. ఒడ్డు మీద చేతులు ఆనించి, బరువంతా ముందుకి వేసి అడుగుతోంది. అడగడం పూర్తయింది. ఆగింది.

కింది నుంచి ఏదీ రాకముందే నేను బావిలోకి తల పెట్టి, గొంతంతా పెట్టి "ఊఁహూఁ" అన్నాను. చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేసినప్పటి ఊఁహూఁ. రెండోసారి, మూడోసారి. సోమ్లి జబ్బ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

బావి కాసేపు ఏమీ అనలేదు. తరవాత లోపలి నుంచి, మెల్లిగా, "ఊఁహూఁ" అంది. ఒక్కసారే.

"ఇప్పుడన్నది ఎవలు?" అంది సోమ్లి. నన్నే చూస్తోంది.

"నేనైతే మూడుసార్లన్నాను. నాలుగోది నాది కాదు" అన్నాను.

"వద్దంటున్నదా?"

"వద్దంటున్నది."

అది అబద్ధమో కాదో నాకిప్పటికీ తెలియదమ్మా. ఆమె ఒక కాలు, తరవాత ఇంకో కాలు పైకి తీసుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే నా భుజం పట్టుకుంది. అప్పుడు కొంగు ముడి విప్పి అద్దం బిళ్ళ ఇచ్చాను. ఎర్రదారం వేలితో తడిమింది. ఎక్కడిది అని అడగలేదు. కేక వేసి భీమయ్యని తనే పిలిచింది.

"అన్నా, మూయి. ఇది సిమెంటుల పెట్టు, అద్దం దిక్కు లోపలికి. మొఖం చూసుకుంటది" అంది.

భీమయ్య ఆ సాయంత్రమే దిగి, గోనె చుట్టిన కర్రదిమ్మె బిగించి, సిమెంటు మెత్తి పైకొచ్చాడు. పోయిన శనివారం పిచ్చయ్యగారు వచ్చి చూసి సరేనన్నారు. రూప్‌సింగ్ బావిలో ఊట మళ్ళీ పడుతోంది, పశువులు అక్కడే తాగుతున్నాయి. మిషను ఎడ్లబండికి ఎక్కించుకుని పోతూ భీమయ్య నా దగ్గర ఆగాడు.

"అమ్మా, బొక్క మూసిన. నా దిక్కు నుంచి నేను నిమ్మళం. ఒక్కటి చెప్త, సారుకు చెప్పకు. సిమెంటు మెత్తుతుంటె అవతల నుంచి ఎవలో అరచెయ్యి ఆనిచ్చినట్టుండె. నూకుతలేదు. ఉత్తగ ఆనిచ్చింది. గాలి ఒత్తిడి ఉంటది గట్ల." నా మొహం చూసి, "అవ్, గాలే" అన్నాడు.

అవతల అంటే ఏ వైపో ఆలోచించు. ఆయన రూప్‌సింగ్ బావిలో ఉన్నాడు. అవతల అంటే మా బావి.

ఇదంతా జరిగిపోయింది, అయిపోయింది, నీకు తీరిగ్గా రాద్దామని ఈ రోజు భోజనం అయ్యాక వసారాలో కూర్చున్నాను. నీ అల్లుడు లోపల నిద్రపోతున్నారు. ఆవకాయ గురించి రాశానే, సరిగ్గా అక్కడ ఉండగా బావి వైపు నుంచి "రుక్మిణీ" అని వినిపించింది. చివర దీర్ఘం నువ్వు లాగినట్టే లాగి. ఒక్కసారి.

నేను పలకలేదు. రాస్తూ ఉన్నాను. ఇంత పొడుగు ఉత్తరం అందుకే అయింది. రెండో పిలుపు వస్తుందేమో అని చెవి అటే పెట్టి, చెయ్యి ఆపకుండా రాస్తున్నాను. ఇంకా రాలేదు. ఎండ గడప దిగిపోయింది.

పోస్టాఫీసుకి పోయి మీ పక్కింటికి ట్రంకు కాల్ చేద్దామా అనుకున్నాను. చేస్తే నువ్వొచ్చి "ఊఁ, చెప్పవే" అంటావు. తీగలోంచి వచ్చే ఆ ఊఁ నీదేనని నేనెలా నమ్మేది? అందుకని చెయ్యడం లేదు. తమ్ముడి చేత రాయించకు. వణికినా, వంకర పోయినా సరే, నీ చేత్తో ఒక్క ముక్క రాయి. బాగున్నాను అని. అది అందేదాకా ఈ వసారా దాటి బావి వైపు వెళ్ళను.

ఇట్లు,
ఇంకా పలకని నీ కూతురు
రుక్మిణి